ఉల్లిపొరలాంటి ఆ చర్మం సంగతి

ప్రశ్న: మా అమ్మాయికి 31వ వారంలోనే కాన్పయింది. ఆడపిల్ల, 1,400 గ్రాములు. 18 రోజులుగా ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో ఉంది. ఇంకో వారంలో ఇంటికి పంపుతామంటున్నారు. పుట్టిన రోజు అద్దంలోంచి చూశాను. ఒళ్ళంతా ఎర్రగా, చర్మం ఉల్లిపొరలా ఉంది, లోపలి నరాలు కనిపిస్తున్నాయి. వీపు మీద, చెవుల మీద నూగు. నడుం కింద రూపాయి బిళ్ళంత నీలి మచ్చ. ఇప్పుడేమో ఒంటి మీద పొట్టు రాలుతోంది. మా వియ్యపురాలు 'కుంకుమపువ్వు తాగమంటే తాగలేదు, గ్రహణం రోజు బయటికొచ్చింది, అందుకే పిల్ల ఇలా పుట్టింది' అంటోంది. మా అమ్మాయి రాత్రిళ్ళు ఏడుస్తోంది. కడుపులో చర్మం అసలెలా తయారవుతుంది? తప్పెక్కడ జరిగింది? ఇంటికొచ్చాక నలుగు పెట్టి నూగు తీయొచ్చా?
తెనాలి దగ్గర్నుంచి ఒక అమ్మమ్మ

జవాబు:

అమ్మమ్మగారికి నమస్కారం.

ముందుగా మీ అమ్మాయికి చెప్పాల్సిన మాట చెప్పేస్తాను. ఆవిడ తాగినదాని వల్లో, తాగనిదాని వల్లో ఆ చర్మం అలా లేదు. గ్రహణం వల్ల అసలే కాదు. మీరు రాసిన గుర్తుల్లో లోపమని చెప్పదగ్గది ఒక్కటీ లేదు. 31 వారాల బిడ్డకి ఎలాంటి చర్మం ఉంటుందో మీ మనవరాలికి అలాంటిదే ఉంది. ఈ మాట ఇవాళ రాత్రి ఆవిడ పడుకోకముందే చెప్పండి.

రెండోది, నలుగు వద్దు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

నేను చాలా ఏళ్ళు మెడికల్ కాలేజీలో పిండం ఎలా పెరుగుతుందో పాఠాలు చెప్పాను. అంతకుముందు హౌస్ సర్జన్‌గా నెలలు నిండని పిల్లల వార్డులో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ చేసిన ఒక పొరపాటు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఒక పసివాడి చేతికి సెలైన్ సూది కదలకుండా ప్లాస్టర్ అంటించి ఉంది. దాన్ని మార్చమంటే, పెద్దవాళ్ళకి లాగినట్టే ఒక్క లాగు లాగాను. ప్లాస్టర్‌తో పాటు చర్మం పైపొర కూడా ఊడి వచ్చేసింది. గోరంత మేర ఎర్రగా, తడిగా మెరిసింది. వాడికి గట్టిగా ఏడవడానికి గొంతు కూడా లేదు. పక్కనున్న సిస్టర్ నన్నేమీ అనలేదు. నా చేతిలోని ట్రే తీసుకుని, నీళ్ళలో ముంచిన దూదితో ప్లాస్టర్ అంచు నానబెట్టి, చర్మాన్ని ఒక వేలితో అదిమిపట్టి, మిగతా ముక్కని వెనక్కి మడుస్తూ మడుస్తూ తీసింది. ఐదు నిమిషాలు పట్టింది. మీ ఉత్తరంలో నలుగు అన్న మాట చదవగానే నాకు ఆ చెయ్యి గుర్తొచ్చింది.

నెలలు నిండిన పిల్లల్లో చర్మం పైపొరని కింది పొరకి గట్టిగా పట్టి ఉంచే కట్లు ఉంటాయి. నెలలు నిండనివాళ్ళలో అవి ఇంకా తక్కువ, బలహీనం. పిండి ముద్దతో రుద్దితే నూగు కంటే ముందు చర్మం వస్తుంది.

ఇక కడుపులో ఏం జరుగుతుందో చెప్తాను. వారాల లెక్క కొంచెం తికమకగా ఉంటుంది. డాక్టర్లు చివరి నెలసరి నుంచి లెక్కపెడతారు, పిండం నిజంగా ఏర్పడేది ఇంకో రెండు వారాలు ఆగాక. అందుకని మొదటి సంగతులు నెలల్లోనే చెప్తాను.

నెల తప్పిందని తెలిసేనాటికి పిండం ఆవగింజంత కూడా ఉండదేమో. అప్పుడు దాని ఒంటి మీద ఉన్నది ఒకే ఒక్క వరస కణాలు. మనిషికైనా, ఆవుకైనా, ఎలుకకైనా మొదలు ఇదే. ఆ పొర వీపు వైపున లోపలికి మడత పడి, గొట్టంలా మూసుకుని, మెదడూ వెన్నుపామూ అవుతుంది. బయట మిగిలిపోయిన భాగం చర్మం పైపొర అవుతుంది. అంటే మెదడూ చర్మమూ ఒకే పొరలో పుట్టిన అక్కచెల్లెళ్ళు. ఆ మడత అంచున నిలబడిన కణాలు కొన్ని ఉంటాయి, వాటి కథ మచ్చ గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

రెండో నెలలో ఆ ఒక్క వరస మీద ఇంకో వరస వస్తుంది. పెరిడెర్మ్ అంటారు. పల్చటి, బల్లపరుపు కణాలు. ఇది శాశ్వతంగా ఉండేది కాదు. కొత్త ఇంటికి రంగులు వేస్తున్నప్పుడు నేల మీద పరిచే గోనెపట్టా లాంటిది, పని అయ్యేదాకా ఉండి పోతుంది. నేను పిల్లలకి చూపించే స్లైడుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. మైక్రోస్కోపులో కింద గులాబీ రంగులో కణాలు ఇరుకిరుగ్గా నిలబడి ఉంటాయి. వాటి మీద ఈ కణాలు ఉమ్మనీటిలోకి బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి ఉంటాయి, నీళ్ళు తగిలిన అప్పడం మీద లేచిన బుడగల్లా.

ఈ తాత్కాలికపు పొర చేసే ముఖ్యమైన పని ఒంట్లో ఒకదాన్నొకటి అంటుకోకుండా చూడటం. పిండం చర్మం మహా జిగురు. చెయ్యి పొట్టకి తగిలితే పొట్టకి అతుక్కుపోయే రకం. ఈ పొర సరిగా పనిచేయని ఎలుక పిల్లల్లో కాళ్ళు ఒంటికి, పెదవి పెదవికి అతుక్కుపోయి, ఒక సంచీలో కట్టేసినట్టు పుడతాయి. దీన్ని నడిపించే జన్యువుల్లో ఒకదాని పేరు ఐఆర్ఎఫ్6. అదే జన్యువులో తేడా ఉన్న కొన్ని కుటుంబాల్లో పిల్లలు మొర్రితో పుడతారని 2002లో తేలింది. అతుక్కోకూడని చోట అతుక్కోకుండా, అతుక్కోవాల్సిన చోట సమయానికి అతుక్కునేలా చూడటం ఒకే పనివాళ్ళ చేతిలో ఉందన్నమాట.

మన భాషలో దాన్ని గ్రహణం మొర్రి అంటాం కాబట్టే మీ వియ్యపురాలి మాట దగ్గర ఆగి ఇంత చెప్పాను. పై పెదవి అతుక్కునే పని రెండో నెల చివరికి, మూడో నెల మొదటికి అయిపోతుంది. అంగిలి మూసుకోవడం ఆ తర్వాత కొద్ది వారాల్లో అవుతుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం అయిపోయిన పనిని వెనక్కి తిప్పలేదు. కాన్పు ముందుగా రావడానికి బీపీ, ఇన్ఫెక్షన్, ఉమ్మనీటి సంచీ ముందే చిట్లడం వంటి కారణాలు చాలా ఉంటాయి. మీ అమ్మాయి విషయంలో ఏమిటన్నది ఆవిడ డాక్టర్‌ని అడగండి. ఆకాశం వైపు చూడక్కర్లేదు.

మూడో నెల నుంచి పొరలు పెరుగుతాయి. మీ వైపు మామిడి తాండ్ర ఎలా చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. చాప మీద రసం పూత పూసి ఎండబెట్టి, మళ్ళీ దాని మీద పూత. చర్మం కూడా అలా పూత మీద పూతగానే మందం అవుతుంది, కాకపోతే తలకిందులుగా. కొత్త పూత అడుగున పుడుతుంది, పాతది పైకి జరుగుతుంది. ఈ పొరలు కట్టడానికి పీ63 అనే జన్యువు ఉండి తీరాలి. 1999లో ఆ జన్యువు లేని ఎలుకల్ని పెంచి చూశారు. వాటి ఒంటి మీద ఆ మొదటి ఒక్క వరసే మిగిలింది. పుట్టిన కొన్ని గంటల్లో ఒంట్లో నీరంతా ఎగిరిపోయి చనిపోయాయి. చర్మం అందం కోసం పుట్టింది కాదు, నీళ్ళని లోపల నిలబెట్టడానికి పుట్టింది.

పైపొర కింద మెత్తటి లోపలి పొర ఉంటుంది. అది అంతా ఒక చోట పుట్టదు. ముఖానిది ఇందాక చెప్పిన ఆ మడత అంచు కణాల నుంచి, వీపుది వెన్ను పక్కన ఏర్పడే దిమ్మెల నుంచి, పొట్టా కాళ్ళూ చేతులదీ పక్కగోడల నుంచి వస్తుంది. మూడు ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలు ఒక్క కాలువ తవ్వినట్టు అతుకు తెలియకుండా కలిసిపోతారు.

ఈ రెండు పొరలూ ఊరికే ఒకదాని మీద ఒకటి పడి ఉండవు, మాట్లాడుకుంటాయి. 1970లలో ఫ్రాన్స్‌లో డానియెల్ దువాయి అనే శాస్త్రవేత్త ఎలుక పిండం లోపలి పొర తీసి దాని మీద కోడి పిండం పైపొర పెట్టి చూశారు. లోపలి పొర ఎలుకది కాబట్టి 'ఇక్కడ ఒకటి మొలిపించు, ఇంత ఎడంలో ఇంకోటి మొలిపించు' అని ఎలుక వెంట్రుకల లెక్కలోనే చెప్పింది. పైపొర ఆ మాట విని, ఆ లెక్కలోనే, తనకు తెలిసిన ఈకల మొలకల్ని వేసింది. ఎక్కడ అన్నది కింది పొర మాట, ఏమిటి అన్నది పై పొర మాట. నాకు ఈ ప్రయోగం చదివినప్పుడల్లా నాట్లు గుర్తొస్తాయి. ముఠామేస్త్రి జాన చూపిస్తుంది, నారు మాత్రం చేతిలో ఏది ఉంటే అదే పాతుతారు. ఆ ఎడం ఎలా కుదురుతుందన్నది ఇంకో పెద్ద కథ. 1952లో అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లిషు గణితశాస్త్రవేత్త, ఒక పదార్థం 'మొలవమని' అంటూ ఇంకో పదార్థం 'దగ్గరలో వద్దని' అంటూ వ్యాపిస్తే చాలు, చుక్కలూ చారలూ వాటంతట అవే పడతాయని లెక్కకట్టి చూపించారు.

మీ మనవరాలి చేతివేళ్ళ గీతలు కూడా ఆ లెక్కతోనే పడ్డాయి. ఎడిన్‌బరోలోని శాస్త్రవేత్తలు 2023లో చూపించారు. వేలి కొస మధ్య నుంచి ఒక అల, గోరు దగ్గర్నుంచి ఒక అల, కణుపు మడత దగ్గర్నుంచి ఒక అల బయల్దేరి, మూడూ ఎక్కడ కలుసుకుంటే అక్కడ గీతలు తిరుగుతాయి. కవల పిల్లలకైనా ఆ అలలు ఒకేలా కలవవు. ఇదంతా మూడో నెల చివర మొదలై ఐదో నెల లోపు ముగుస్తుంది. అంటే 31 వారాలకి పుట్టినా ఆ పిల్ల వేలిముద్ర ఎప్పుడో పూర్తయింది. రేపు ఆధార్‌కి ఇచ్చేది ఆ ముద్రే.

వెంట్రుకలూ అంతే. కనుబొమలు, పై పెదవి దగ్గర మూడో నెలలో మొలకలు మొదలై, ఐదో నెలకి ఒళ్ళంతా పాకుతాయి. మొత్తం సుమారు 50 లక్షల కుదుళ్ళు, తల మీదే ఒక లక్ష. పుట్టాక కొత్త కుదురు ఒక్కటి కూడా ఏర్పడదు. తలలో సుడి కూడా అప్పుడే పడుతుంది. సంతలో గిత్తల్ని కొనేటప్పుడు సుళ్ళు చూస్తారే, అవీ తల్లి కడుపులోనే తిరిగినవి. మొదటి విడత వెంట్రుకలు సన్నగా, మెత్తగా, రంగు లేకుండా వస్తాయి. మీరు వీపు మీద, చెవుల మీద చూసిన నూగు అదే. నెలలు నిండే పిల్లల్లో ఎనిమిదో నెలకల్లా చాలామటుకు రాలి ఉమ్మనీట్లో కలిసిపోతుంది. మీ మనవరాలు ఆ రాలే సమయానికి ముందే వచ్చేసింది. కడుపులో రాలాల్సింది ఉయ్యాల్లో రాలుతుంది. సున్నిపిండి ముద్ద పెట్టి తీసినా, తీయకపోయినా వారాల్లో పోతుంది. కుదురు లోపల ఉంటుంది కాబట్టి రుద్దితే వెంట్రుక శాశ్వతంగా పోవడం అన్నది జరగదు.

చెమట గ్రంథుల గురించి ఒక సంగతి చెప్పాలి, అది దేశ విభజనకి ముందటి మన దేశంలో మొదలై చాలా దూరం వెళ్ళింది. డార్విన్ 1875లో సింధ్ ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబం గురించి రాశారు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకి కొద్దిపాటి పళ్ళే, ఒంటి మీద జుట్టు బాగా తక్కువ, ఎండాకాలం వస్తే చర్మం ఎండిపోయి నరకం. ఆడపిల్లలకి ఏమీ ఉండదు, కానీ వాళ్ళ కొడుకులకి వస్తుంది. పళ్ళకి, జుట్టుకి, చెమటకి ఏమిటి సంబంధమని అప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. మూడూ ఆ రెండు పొరల సంభాషణతోనే మొలుస్తాయి. ఆ కబురు మోసే ఒక ప్రొటీన్ లేకపోతే మూడూ దెబ్బతింటాయి. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డాక్టర్లు ఈ జబ్బు ఉందని తేలిన ముగ్గురు మగపిల్లలకి, వాళ్ళు ఇంకా తల్లి కడుపులో ఉండగానే, ఆ ప్రొటీన్‌ని ఉమ్మనీట్లోకి ఎక్కించారు. పిండం ఉమ్మనీరు గుటకలు వేస్తుంది కదా, అలా ఒంట్లోకి చేరింది. 2018లో ఆ ఫలితం అచ్చయింది. ముగ్గురికీ మామూలుగా చెమట పట్టింది. పుట్టిన తర్వాత ఇచ్చినప్పుడు ఆ ఫలితం రాలేదు. చర్మంలో ప్రతి పనికీ ఒక అదను ఉంటుంది, విత్తనానికి అదను ఉన్నట్టే.

మీ మనవరాలి విషయంలో నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. ఆ అదనులు చాలా భాగం 31 వారాల లోపే దాటిపోయాయి. వెంట్రుక కుదుళ్ళు, చెమట గ్రంథులు, వేలిముద్రలు, గోళ్ళు, రేపు తను తల్లయితే పాలు ఇవ్వాల్సిన రొమ్ముల మొలకలు, అన్నీ లోపలే వేసుకుని వచ్చింది. మిగిలిపోయింది ఒక్క గోడ పని.

ఆ గోడ సంగతికి వచ్చే ముందు రంగూ మచ్చా.

మెదడు మడత పడేటప్పుడు అంచున కొన్ని కణాలు నిలబడ్డాయన్నాను. అవి వీపు మీద నుంచి బయల్దేరి, చర్మం కింద నడుచుకుంటూ, దారిలో పిల్లల్ని కంటూ, ఒళ్ళంతా పరుచుకుంటాయి. వాటిలో కొన్ని మెలనిన్ అనే రంగుని చేసే కణాలు. మొదట్లో అవి సరిపడా పెరగకపోతే పెరుగుతున్న ఒంటికి చాలవు. పొట్ట కింద, కాళ్ళ చివర, నుదుటి మీద తెల్లగా మిగిలిపోతుంది. మన వీధికుక్కల తెల్లటి పొట్టలు, తెల్లటి పాదాలు, ఆవు నుదుటి తెల్ల మచ్చ అలా వచ్చినవే. మనుషుల్లో ఆ కణాలు కొన్ని నడుము దగ్గర పైపొర దాకా రాకుండా లోతులోనే ఆగిపోతాయి. లోతులో ఉన్న నలుపు చర్మంలోంచి చూస్తే నీలంగా కనిపిస్తుంది. మీరు చూసిన నీలి మచ్చ నూటికి తొంభై పాళ్ళు అదే. మన పిల్లల్లో చాలా మామూలు. ఎవరూ కొట్టింది కాదు, సిస్టర్లు పడేసింది కాదు, నెత్తురు గడ్డకట్టింది కాదు. కొన్నేళ్ళలో చాలామటుకు కలిసిపోతుంది. ఇంటికి వచ్చే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించి, కేసు షీట్‌లో రాయించుకోండి. రేపు ఎవరైనా దెబ్బ అనుకుని కంగారు పడకుండా ఉంటుంది.

కుంకుమపువ్వు మాటకొస్తే, నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ ఆ రంగు కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా అవి చేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది అన్నదాంట్లో ఉంటుంది. అది అమ్మా నాన్నల జన్యువులు కలిసిన రోజే ఖాయమైపోతుంది. ఒక్క జన్యువు కూడా కాదు, చాలా ఉన్నాయి. వాటిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే దాంట్లో ఒకే ఒక్క అక్షరం మార్పు మన దేశంలో రంగుని ఎంత మారుస్తుందో 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అందులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ ఉన్నారు. పాలల్లో వేసుకున్న కుంకుమపువ్వు ఆ అక్షరాన్ని మార్చలేదు. కుంకుమపువ్వు ఇష్టమైతే రుచి కోసం తాగొచ్చు. మీ మనవరాలు ఇప్పుడు ఎర్రగా ఉంది కదా, అది రంగు కాదు, పల్చటి చర్మంలోంచి నెత్తురు కనిపించడం. చర్మం మందం అయ్యేకొద్దీ, మెలనిన్ పెరిగేకొద్దీ కొన్ని నెలల్లో అసలు రంగు తేలుతుంది. అప్పుడు ఎవరైనా 'పుట్టినప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు నల్లబడింది' అంటే దయచేసి ఆ మాటని పిల్ల చెవిన పడనివ్వకండి. ఇది డాక్టర్‌గా కాదు, ఒక ఆడపిల్లగా పెరిగినదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఇప్పుడు గోడ. చర్మం అన్నిటికన్నా పైన ఉండేది చచ్చిపోయిన కణాల పొర. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. ఈ గోడ కట్టడం ఆరో నెలలో మొదలవుతుంది, 22 నుంచి 24 వారాల మధ్య. అప్పుడే ఆ గోనెపట్టాలాంటి పెరిడెర్మ్ ఊడి ఉమ్మనీట్లో కలుస్తుంది. అది, చర్మం నూనె గ్రంథుల జిడ్డు కలిసి పిల్ల ఒంటి మీద వెన్నలాంటి తెల్లటి పూత అవుతుంది. కొత్త గోడకి నీళ్ళు తగలకుండా పూసిన పూత అది. చాలామంది అది మైల అనుకుని పుట్టగానే రుద్ది కడిగేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 24 గంటల దాకా స్నానం వద్దంటోంది.

గోడ ఎలా లేస్తుందో ఎలుక పిల్లల్లో 1998లో భలే తేలిగ్గా చూశారు. పిండాన్ని నీలం రంగులో ముంచడమే. ఎలుక 19, 20 రోజులకి పుడుతుంది. 16వ రోజు పిండం ముంచితే ఒళ్ళంతా నీలం, గోడ లేదు కాబట్టి రంగు లోపలికి పోతుంది. ఆ తర్వాత కొద్ది గంటల తేడాతో ముంచి చూస్తే వీపు మీద కొన్ని చోట్ల రంగు పట్టదు. ఆ తెలుపు వీపు మీద నుంచి పొట్ట వైపుకి అలలా దిగుతుంది. 18వ రోజుకి నీలం ఎక్కడా అంటదు. మనిషి పిండంలో ఇదే పని వారాల తరబడి సాగి, సుమారు 34 వారాలకి గోడ నికరంగా నిలబడుతుంది. మీ మనవరాలు 31 వారాలకే వచ్చింది. ఇటుకల వరసలు ఇంకా తక్కువ, సున్నం ఇంకా ఆరలేదు.

గోడ లేకపోతే ఏమవుతుందో మట్టికుండ చూస్తే తెలుస్తుంది. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి నీళ్ళని చల్లబరుస్తుంది. నెలలు నిండని పిల్ల ఒళ్ళు అచ్చం అలాగే నీళ్ళూ పోగొట్టుకుంటుంది, వేడీ పోగొట్టుకుంటుంది. అద్దాల పెట్టెలో ఆ వేడి, ఆ తేమ అందుకే. పిల్లని ఆడుకోనివ్వకుండా దాచడానికి కాదు.

సంతోషించాల్సిన సంగతి ఒకటుంది. గాలి తగలగానే చర్మం ఈ పనిని తొందర తొందరగా చేస్తుంది. కడుపులో ఉంటే ఇంకా ఎన్నో వారాలు పట్టేది, బయట రెండు మూడు వారాల్లో చాలామటుకు అయిపోతుంది. మీ మనవరాలికి 18 రోజులు. మీరు చూస్తున్న పొట్టు ఆ పాత పల్చటి పొర రాలడమే. లోపల కొత్త గోడ లేచింది కాబట్టి పైది రాలుతోంది. దాన్ని గిల్లకండి, లాగకండి.

ఇంకో మాట. మీరు అద్దంలోంచి చూసి రాసిన గుర్తులున్నాయే, చర్మం ఎంత పల్చగా ఉంది, నరాలు కనిపిస్తున్నాయా, నూగు ఎంత ఉంది, అవి డాక్టర్లు బిడ్డ ఎన్ని వారాలదో తేల్చుకోవడానికి మార్కులు వేసే పట్టికలో ఉన్నవే. బల్లార్డ్ స్కోర్ అంటారు. మీరు చదువుకోకుండానే ఆ పట్టిక రాసేశారు. ఇంటి దగ్గర పిల్లని చూసుకోవడానికి మీ కళ్ళు చాలు.

ఇంటికి వచ్చాక ఏం చేయాలో చెప్తాను. సున్నిపిండి, సెనగపిండి, పసుపు, పౌడర్, కాటుక ఏవీ వద్దు. కాళ్ళ మీద పడుకోబెట్టి చెంబులతో నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ కూడా వద్దు, ఆ ఊపిరితిత్తులు పొగ పట్టేవి కావు. బరువు పెరిగి ఒంటి వేడి నిలకడగా ఉందని డాక్టర్ చెప్పేదాకా గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి బట్టతో, ఒత్తకుండా, మడతల్లో తుడవండి చాలు. వెంటనే పొడిబట్టతో అద్దండి. కొత్త బట్టలు ఒకసారి ఉతికి వేయండి. బొడ్డుకి ఏమీ రాయకండి.

నూనె గురించి అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. ఢాకాలో నెలలు నిండని పిల్లలకి పొద్దుతిరుగుడు నూనె మెల్లగా రాస్తే ఆస్పత్రి ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2005లో చూశారు. ఆవనూనె మాత్రం చర్మానికి మంచిది కాదని తేలింది. మనిళ్ళల్లో కొబ్బరినూనె వాడతాం. డాక్టర్‌ని అడిగి, సరేనంటే చేతులు సబ్బుతో కడుక్కుని నాలుగు చుక్కలు అరచేతిలో వెచ్చబెట్టి, రాసీ రాయనట్టు పూయండి. మర్దనా కాదు, పూత. ఆముదం, నువ్వులనూనె పెట్టి కండలు పిసకడం ఇప్పుడు వద్దు.

ఒంటి మీద చీముపొక్కులు వచ్చినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, పొట్ట ముట్టుకుంటే చల్లగా తగిలినా, పాలు తాగడం మానేసి మత్తుగా ఉన్నా, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.

ఇక అన్నిటికన్నా మేలైన మందు మీ ఇంట్లోనే ఉంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టర్, పెట్టెలు చాలక, నెలలు నిండని పిల్లల్ని తల్లుల గుండెల మీదే బట్టలు లేకుండా అంటించి పెట్టించడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటారు. కంగారూలు, వాటిలాంటి సంచీ జంతువులు చర్మం సగంలో ఉండగానే పుట్టి, మిగతాది తల్లి సంచీలో పూర్తి చేసుకుంటాయి. ఆస్ట్రేలియాలో అలాంటి సంచీ జంతువుల్లోనే ఒకటైన చిన్న జంతువు జూలియా క్రీక్ డన్నార్ట్ పుట్టిన కొత్తలో ఊపిరి కూడా ఎక్కువ భాగం చర్మంతోనే పీలుస్తుంది. తల్లి ఒంటి వేడి, తేమ మీ మనవరాలి గోడకి ఇప్పుడు కావాల్సినవి. డైపర్, టోపీ, మేజోళ్ళు తప్ప ఏమీ లేకుండా పిల్లని నిలువుగా తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, పైన చీర కొంగుతో గానీ, దుప్పటితో గానీ గట్టిగా చుట్టండి. ఎంత ఎక్కువ సేపు ఉంటే అంత మంచిది, కనీసం ఒక గంటకి తగ్గకుండా. మీ అమ్మాయి రాత్రిళ్ళు ఏడుస్తోందన్నారు కదా, ఆ గంటల్లో ఆవిడకి కూడా ఇది చాలా మేలు చేస్తుంది.

తల్లి అలిసిపోతే తండ్రి చేయొచ్చు, మీరు చేయొచ్చు. మీ వియ్యపురాలు కూడా చేయొచ్చు. ఆవిడ ఇంటికొచ్చిన రోజు సెంటు, పౌడర్ లేకుండా స్నానం చేసి, చేతి గాజులు తీసి రమ్మని, కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, పిల్లని ఆవిడ గుండెల మీద పెట్టి ఒక గంట కదలొద్దని చెప్పండి.